వీపు వెనక బెల్టు

చేపలు తోముతా ఉంటే ఫోను మోగింది. రెండు చేతులూ జిగురు. మోచేత్తో నొక్కి, చెవి దానికాడికి వంచినాను.

"హెబ్రోను గారేనా అండీ?" అని ఒక ఆడపిల్ల గొంతు.

హెబ్రోను మా ఆయన. నా గొంతు విన్నాక కూడా ఆ మాట అడిగిందంటే, ఎవరో రాసిచ్చింది చదువుతోందని తెలిసిపోయింది. ఆయన ఫోను నా దగ్గరే ఉంటుంది. మాట్లాడని మనిషికి ఫోనెందుకు?

"ఆయన భార్యని. నవోమి. చెప్పు."

"మేడమ్, మీ కారుకి కంపెనీ నుంచి రీకాల్ వచ్చింది. ఓనరు పుస్తకంలో సీటు బెల్టు సూచనలు తప్పుగా పడినాయి. కారు తీసుకుని నెల్లూరు షోరూముకి వస్తే బెల్టులు చెక్ చేసి, సరైన పేజీ ఇస్తాము. అంతా ఫ్రీ మేడమ్."

"కారు లేదమ్మా."

"అమ్మేసినారా మేడమ్?"

"నుజ్జయిపోయింది."

"ఓకే మేడమ్. అయితే ఎప్పుడు తీసుకొస్తారు?"

ఇంకో రోజయితే ఆ పిల్లకి నాలుగు పెట్టుండేదాన్ని. తుక్కు కొట్టు కాడికి పొయ్యి, ముక్కలన్నీ ఏరి, గోతంలో కట్టుకోని రమ్మంటావా అని అడిగుండేదాన్ని. నాకు నోరు పెద్దదని మనుబోలంతా తెలుసు. ఆ పొద్దు నోరు లేవలా.

"ఏం తప్పు పడిందో చదువు," అన్నాను.

చదివింది. వెనక సీట్లో కూర్చున్న పిల్లలకి భుజం మీది బెల్టు మెడకి తగులుతుంటే, దాన్ని వీపు వెనక్కి వేసి, నడుము బెల్టు మాత్రం బిగించండి అని పుస్తకంలో పడిందంట. అది తప్పంట. బెల్టు ఎప్పుడూ వీపు వెనక్కి వెయ్యకూడదంట. పిల్లల్ని ఎత్తు సీటు మీద కూర్చోబెట్టి, భుజం మీదుగానే వెయ్యాలంట.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. గొంతులో ఏం తేడా లేదు. పాపం, ఆ పిల్లకేం తెలుసు.

ఫోను పెట్టేసి చేపలు తోమడం పూర్తి చేసినాను. కడిగి, ఉప్పూ పసుపూ రాసి, మూత పెట్టి, చేతులు కడుక్కోని అప్పుడు కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూసినాను. రాలా. మా అబిగయీలు పొయ్యిన దగ్గరినుంచి నాకు ఏడుపు రాలేదు. ఊళ్ళో ఆడోళ్ళు వెనకాల అనుకున్నారు కూడా, నవోమి గుండె రాయి అని. రాయో, రప్పో. లోపల ఏదో ఉండాల్సిన చోట ఏమీ లేదు, అంతే.

అబిగయీలు మా మనవరాలు. మా ఒక్కగానొక్క కూతురు ఎలిశబెతుకి ఒక్కగానొక్క బిడ్డ. ఒకటో తరగతి చదివేది.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి, లేకుంటే ఈ గొడవ ఎవరికీ అర్థం కాదు. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రూలు పుస్తకమే ఆయనకి ఊపిరి. అచ్చులో ఏది ఉంటే అది చెయ్యి, లేనిది చెయ్యొద్దు, అప్పుడు ఏ రైలూ ఏ రైలునీ గుద్దుకోదు, అనేవాడు. ఆయన డ్యూటీలో గుద్దుకోలేదు కూడా. ఇక ఆదివారం వస్తే గుడిలో వాక్యం చదివేది ఆయనే. ఒక్క అక్షరం మింగడు, ఒక్క అక్షరం కలపడు. పాస్టరు గారు ప్రసంగంలో ఎక్కడన్నా వచనం అటూ ఇటూ చేస్తే, కింద కూర్చోనే గొంతు సవరించేవాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది.

రిటైరైనాక కారు కొన్నాడు. పాస్టరు గారొచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. కారుతో పాటు తెలుగులో ఒక పుస్తకం ఇచ్చినారు, ఎట్లా నడపాలి, ఎట్లా తుడవాలి, ఎట్లా కూర్చోవాలి అని. ఇంకేముంది! సాయంత్రం కుటుంబ ప్రార్థనలో బైబిలు చదవడం అయిపొయ్యి, అందరం ఆమెన్ అన్నాక, ఆ కారు పుస్తకం తీసి ఒక పేజీ చదివేవాడు. "దేవుడి మాట అయిపోయింది గదా, మళ్ళీ ఈ పురాణమేందయ్యా," అని నేను ఎగతాళి చేసేదాన్ని. సెలవులకి వచ్చినప్పుడు అబిగయీలు కళ్ళు మూసుకోని కూర్చోని, టైర్ల గాలి పేజీకి కూడా ఆమెన్ చెప్పేది. అప్పుడు మాత్రం ఆయన నవ్వేవాడు.

మా పక్కింటి రంగనాయకులుకీ కారు ఉంది. ఆయన బెల్టు పెట్టుకోడు. బీప్ బీప్ అని మొత్తుకుంటుందని క్లిప్పు గుచ్చేసి దాని మీదే కూర్చుంటాడు. ఆయనా, ఆయన పెళ్ళాం, ఆయన మనవళ్ళు అందరూ నిక్షేపంగా ఉన్నారు. ఉండనీ, నాకేం ఏడుపు లేదు. ఉన్నారని చెబుతున్నాను, అంతే.

ఈస్టరు మర్నాడు మా సంఘమంతా వాకాడు తట్టు సముద్రానికి పోవడం అలవాటు. అన్నాలు కట్టుకోని పొయ్యి, పాటలు పాడుకోని, పిల్లలు తడిసి ముద్దయ్యి, సాయంత్రానికి ఇల్లు చేరతాము. పోయినేడు ఎలిశబెతు కూడా కావలి నుంచి బిడ్డతో వచ్చింది. అల్లుడు ఫ్రెడ్డీకి సెలవు దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎండకి వాళ్ళ నాన్నకి తల నొప్పిగా ఉందని తనే నడుపుతానంది. బాగానే నడుపుతుంది. ఆయన ముందు సీట్లో, నేనూ అబిగయీలూ వెనక.

బెల్టు పెడతానే బిడ్డ గునిసింది, మెడకి గీసుకుంటోందని. ఉప్పునీళ్ళకి మెడంతా ఎర్రగా అయ్యుంది. మా ఆయన దిగి వెనకాలికొచ్చి, డాష్‌బోర్డులోంచి పుస్తకం తీయించి, పేజీ వెతికి, వేలు పెట్టి పైకి చదివినాడు. చదివినట్టే చేసినాడు. పై బెల్టు వీపు వెనక్కి, నడుము బెల్టు బిగువుగా. "ఇప్పుడు బాగుందామ్మా?" అని అడిగినాడు. బాగుంది తాతా అంది.

గూడూరు దాటినాము. మసక పడింది. మనుబోలు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు మీద వరిగడ్డి ట్రాక్టరు. వెనక దీపం లేదు, గడ్డి సగం రోడ్డుకి వేలాడతా ఉంది. నాకు గడ్డి కనపడింది, అంతే.

నా భుజం కాడ గూడెముక విరిగింది. ఎలిశబెతు మణికట్టు విరిగింది. ఆయనకి నుదురు చిట్లింది. బిడ్డ ఒంటి మీద గీత కూడా లేదు. నడుం కాడ బెల్టు అచ్చు మాత్రం పడింది. లోపలంతా పోయిందని నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. బెల్టు ఎట్లా వేసినారని అడిగి, మేము చెప్పింది విని, "పై బెల్టు భుజం మీద ఉండుంటే..." అని ఆగి, లోపలికి పోయింది. బిడ్డ తెల్లారేదాకా కూడా లేదు.

ఆసుపత్రి వరండాలో ఎలిశబెతు కట్టు కట్టిన చేత్తో వాళ్ళ నాన్న ముందర నిలబడింది.

"ఎవరు వెనక్కి వెయ్యమన్నారు నిన్ను? నువ్వే చంపినావు నాన్నా. నువ్వూ, నీ పుస్తకమూ."

ఆయన "పుస్తకంలో..." అని మొదలుపెట్టి ఆపేసినాడు. అంతే. ఆ తర్వాత ఆ అమ్మాయి తండ్రితో ఒక్క మాట మాట్లాడలా. సమాధి దగ్గర కూడా అటు పక్క నిలబడింది. నాకు ఫోను చేస్తుంది, తిన్నావా పడుకున్నావా అంటుంది, ఆయన ఊసెత్తితే పెట్టేస్తుంది.

ఇంటికొచ్చినాక, కార్లోంచి సామాన్లతో పాటు తెచ్చిచ్చిన పుస్తకం నేను తీసి చూసినాను. ఆయన చదివినట్టే ఉంది. చూడయ్యా, నువ్వు చేసింది సరిగ్గానే ఉంది గదా అంటే, "కాదు నవోమీ. అచ్చులో అట్లా తప్పు రాయరు. దాని ముందు ఎక్కడో ఇంకో మాట ఉండుంటుంది. నేను దాటేసుంటాను," అన్నాడు. డాక్టరమ్మ ఒకటి చెప్పి పుస్తకం ఇంకొకటి చెబితే, ఇంకెవరన్నా అయితే పుస్తకాన్ని అనుమానిస్తారు. మా ఆయన తనని అనుమానించుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ తోచలా, అంత పెద్ద కంపెనీ తప్పు అచ్చేస్తుందని. గుడిలో వాక్యం చదవడం మానేసినాడు. నేను చదివితే తప్పు చదువుతాను, వేరే వాళ్ళకివ్వండి అన్నాడంట పాస్టరు గారితో. ఇంట్లో ప్రార్థన ఇప్పుడు నేను చేస్తాను, నా గొంతుతో నాకే వినబడేటట్టు. ఆయన తల వంచుకోని కూర్చుంటాడు. ఒక్కటే అడుగుతాడు దేవుణ్ణి, క్షమించమని. పెదాలు కదిలేది చూసి చెబుతున్నాను.

ఇట్లా ఏడాది దాటినాక ఈ ఫోను.

ఆయనకి చెప్పకుండా మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు పోయినాను. బీరువా మీది పుస్తకం సంచిలో వేసుకున్నాను. షోరూములో అద్దాలూ, ఏసీ చలీ. ఎవరో కొత్త కారుకి దండేసి ఫొటో తీసుకుంటా ఉన్నారు. సర్వీసు చూసే అబ్బాయి వచ్చినాడు. మధుబాబు అని చొక్కా మీద రాసుంది.

"వెహికల్ ఎక్కడ పెట్టినారు మేడమ్?"

"వెహికల్ లేదు నాయనా. పుస్తకం తెచ్చినాను."

ఆ అబ్బాయి కంప్యూటర్లో చూసినాడు. ఏం కనపడిందో, ముఖం మారింది. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. లోపలికి పొయ్యి ఒక కాగితం తెచ్చినాడు. అప్పడమంత ఉంది. వెనక జిగురు. పాత పేజీ మీద అంటించుకోవాలంట.

"ఇంతేనా?"

"ఇంతే మేడమ్."

"ఈ తప్పు రాసిందెవరు?"

"ఎవరో ఒక్కరని కాదు మేడమ్. కంపెనీ."

"కంపెనీకి మొహం ఉంటుందా నాయనా? ఎక్కడుంటుందో చెప్పు, పొయ్యి చూసొస్తా."

తల వంచుకున్నాడు. అరిచినందుకు నాకేమీ హాయి కలగలా. గొంతు కూడా నాది కాదనిపించింది. దండేసిన కారు వాళ్ళు అటు తిరిగి చూసి మళ్ళీ ఫొటోలకి నిలబడినారు.

"నాకొక మాట చెప్పు," అన్నాను. "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసినవాడిది తప్పా?"

"అట్లా నేను చెప్పకూడదు మేడమ్."

"నీ ఉద్యోగం కోసం కాదు అడిగింది. నీ తండ్రి అయ్యుంటే ఏం చెబుతావో చెప్పు."

అటూ ఇటూ చూసినాడు. "తప్పు కాదమ్మా," అన్నాడు. మేడమ్ పోయి అమ్మ వచ్చింది. "పుస్తకం చదివేవాళ్ళే లేరమ్మా మా దగ్గర. చదివి చేసినాడంటే..." ఇంక చెప్పలేక మంచినీళ్ళు తెప్పించినాడు.

ఆ కాగితం పుస్తకంలో పెట్టుకోని ఇంటికొచ్చినాను. దోవంతా ఒకటే అనుకున్నాను. ఇది చూస్తే మా ఆయన నెత్తి మీది బండ దిగుతుంది. ఎలిశబెతు చూస్తే తండ్రి కాళ్ళు పట్టుకుంటుంది. ఇంక మూడు ప్లేట్లు పెట్టుకోని అన్నం తింటాము. నాకు కావాల్సింది అంతే. సంతోషమో ఇంకొకటో అనను, ఒక గదిలో ముగ్గురు మనుషులు.

మధ్యాన్నం అన్నం పెట్టి, ఆయన తినేటప్పుడు చెప్పినాను. ఫోను వచ్చింది, షోరూముకి పోయినాను, తప్పు నీది కాదంట, పుస్తకానిదంట. కాగితం కంచం పక్కన పెట్టినాను. ఆయన అద్దాలు పెట్టుకోని చదివినాడు. చదివి పక్కన పెట్టి, చేప ముల్లు తీసుకుంటా ఉన్నాడు.

"వినపడిందా?"

"వినపడింది."

"మరి?"

"ఎలిశమ్మకి చెప్పొద్దు," అన్నాడు.

నాకు నెత్తికెక్కింది. "ఏంది చెప్పొద్దు? ఏడాది పాటు హంతకుడి మాదిరిగా చూసింది నిన్ను. గుడికి పోతే మూల బెంచీలో కూర్చుంటున్నావు. నోట్లో నాలుక లేకుండా పోయింది నీకు. ఇప్పుడు తెల్లకాగితం మీద రాసిచ్చినారు నీది తప్పు కాదని, చెప్పొద్దంట! నీకేమన్నా పిచ్చా?"

"నాది కాకపోతే ఎవరిదవుతుంది నవోమీ?"

"కంపెనీది."

"కంపెనీ యాడుంది? మనింట్లో ఉందా, దానింట్లో ఉందా?" ముల్లు కంచం అంచున పెట్టినాడు. అంత పొడుగు మాట ఆయన నోటినుంచి విని ఎన్నాళ్ళయిందో. "బండి నడిపింది అది. ఈ కాగితం చూసిందంటే దానికి అదొక్కటే మిగులుతుంది. నన్ను తిట్టుకుంటా లేస్తోంది, నన్ను తిట్టుకుంటా కాలేజీకి పోతోంది, పిల్లలకి పాఠం చెప్పుకుంటోంది. తిట్టుకోనీ. నేను తట్టుకున్నాను గదా. నా మీది నుంచి తీసి దాని మీద పెడతావా నువ్వు?"

ఇన్నాళ్ళూ ఈ మనిషి నోరు మూసుకోని కూర్చున్నది సిగ్గుతో అనుకున్నాను. కూతురికి తిట్టేదానికి ఒక మనిషి కావాలని కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి రావాల్సింది. కోపం వచ్చింది. మీరిద్దరూ ఇట్లా ఒకరినొకరు అడ్డం పెట్టుకోని బతికితే నడిమధ్య నా సంగతేంది? నేనొక మనిషిని కాదా? అదే అడిగినాను. ఆయన చెయ్యి కడుక్కోని పొయ్యి వసారాలో కూర్చున్నాడు.

రాత్రంతా ఆలోచించినాను. ఆయన చెప్పింది సబబే అనిపించింది. మళ్ళీ కాదనిపించింది. అబద్ధం మీద కూర్చోని ఆ పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది? రేపు ఈయన పోతే అప్పుడు తెలిస్తే? ఆ కాడికి వస్తే ఎవరు మోస్తారు దాన్ని? తెల్లవారి ఆయన పాలకి పొయ్యినప్పుడు సంచి తీసుకోని స్టేషన్‌కి పొయ్యి కావలికి పాసింజరెక్కినాను. చెబుతాననీ అనుకోలా, చెప్పననీ అనుకోలా. కాళ్ళు పోయినాయి, నేనూ పోయినాను.

ఆదివారం కాబట్టి ఎలిశబెతు ఇంట్లోనే ఉంది. గుడికి పోలా. ఫ్రెడ్డీ వాళ్ళమ్మని చూసేదానికి ఊరికి పోయినాడంట. ఇల్లు శుభ్రంగా ఉంది, పిల్ల ఉండే ఇల్లు మాదిరిగా లేదు. బొమ్మ ఒకటి కూడా కనపడలా. నన్ను చూసి ఏం ఆశ్చర్యపోలేదు. టీ పెట్టింది. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళ కింద నలుపు. నా కూతురికి ఇంకా నలభై రాలేదు, నా అక్క మాదిరిగా ఉంది.

"ఏందమ్మా, చెప్పకుండా వచ్చినావు?"

"రాకూడదా?"

"అట్లనలేదు."

టీ తాగినాము. నా చెయ్యి సంచి మీదే ఉంది. తీస్తే ఒక బాధ, తీయకుంటే ఒక బాధ. అది నా చెయ్యి చూసింది.

"బెల్టు సంగతేనా?" అంది.

గ్లాసు కింద పెట్టినాను.

"ఫ్రెడ్డీ ఫోన్లో చూపించినాడు. ఆ కార్లన్నిటికీ రీకాల్ అని. పుస్తకంలో తప్పు అని. చాన్నాళ్ళయింది."

నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "చాన్నాళ్ళయిందా? నీకు తెలుసా? తెలిసి కూడా నీ తండ్రిని..." లేచినాను. చెయ్యెత్తినాను కూడా. దాన్ని కొట్టి ఎన్నేళ్ళయిందో. చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది, దించేదానికి కూడా బలం లేదు. "ఏం మే, నువ్వు మనిషివేనా? అక్కడ ఆ మనిషి చచ్చిపోతున్నాడు. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే నాన్న వస్తాడమ్మా."

"వస్తే?"

"వచ్చి నాతో మాట్లాడతాడు. అన్నం తిన్నావా అంటాడు." దాని గొంతు ఆసుపత్రిలో రిపోర్టు చదివేవాళ్ళ గొంతు మాదిరిగా సాపుగా ఉంది. "నాకు ట్రాక్టరు కనపడింది. ముందే కనపడింది. పక్కనుంచి పోవచ్చులే అనుకున్నాను. బ్రేకు వెయ్యలేదు. నాన్న ముందు సీట్లోనే ఉన్నాడు, ఆయనకీ తెలుసు. ఒక్కరోజు కూడా అడగలేదమ్మా ఆయన. వరండాలో అంత మాటన్నాను, అప్పుడన్నా అడుగుతాడేమో, నడిపింది నువ్వు గదే అంటాడేమో అనుకున్నాను. అనలేదు. తల వంచుకున్నాడు. నేను ఆ ముఖం ఎట్లా చూసేది?"

కూర్చున్నాను. నా సంచిలో కాగితం ఉంది. దానితో ఎవరికీ పని లేదు. ఒకాయనకి వద్దు, ఒకామెకి ముందే తెలుసు. నేనొక్కదాన్నే బస్సులూ రైళ్ళూ ఎక్కి దాన్ని ఊళ్ళ వెంట తిప్పుకుంటున్నాను.

అప్పుడు గేటు చప్పుడయింది.

మా ఆయన. ఇంట్లో నేను లేకపొయ్యేసరికి యాడికి పోయినానో చెప్పాల్సిన పనేముంది, తర్వాతి బండెక్కి వచ్చేసినాడు. చేతిలో పాల క్యాను కూడా అట్లే ఉంది. ఇంట్లో పెట్టి వచ్చేంత ఓపిక కూడా లేకుండా వచ్చినాడు. బిడ్డ పొయ్యినాక ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు. లోపలికి రాకుండా మెట్టు కింద నిలబడి, నా వైపు చూసి, చిన్న గొంతుతో అడిగినాడు.

"చెప్పేసినావా?"

"దానికి ముందే తెలుసంట," అన్నాను.

క్యాను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. అన్నాళ్ళూ దేనికి అడ్డం నిలబడినాడో అది ఎప్పుడో ఆయన్ని దాటుకోని ఇంట్లోకి వచ్చేసిందని ఆయనకి తెలిసింది. ఎలిశబెతు గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరి మధ్యా మూరెడు కూడా లేదు.

"బండి నడిపింది నేను నాన్నా," అంది.

"బెల్టు వేసింది నేనమ్మా."

"నువ్వు పుస్తకంలో ఉన్నట్టు వేసినావు. నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు అట్లా నడపమని."

"వద్దులేమ్మా. ఆ మాట వద్దు. నువ్వు అన్నం..."

"అన్నం తిన్నావా అని అడగొద్దు నన్ను!" అరిచింది. పక్కింటి వాళ్ళు కిటికీలోంచి చూసినారు. చూడనీ. "ఇంకేమన్నా అడుగు. అడగాల్సింది అడుగు. ఏడాది నుంచి నీ నోటి వైపే చూస్తున్నాను నేను, యాడున్నా. ఒక్కసారి అడుగు నాన్నా."

ఆయన పాల క్యాను మెట్టు మీద పెట్టినాడు. నా వైపు చూసినాడు. నేను చెప్పేదేముంది. వద్దు అని చెప్పాలనిపించింది, అడుగు అని చెప్పాలనిపించింది. రెండూ చెప్పలా. ఆయన అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గుడిలో వాక్యం చదివే ముందు అట్లా తుడుచుకునేవాడు. మళ్ళీ పెట్టుకోలా. చేతిలోనే పట్టుకున్నాడు.

"ట్రాక్టరు కనపడింది గదమ్మా నీకు," అన్నాడు. ఒక్కొక్క మాటా ఊడబెరికినట్టు వస్తోంది. "బ్రేకు ఎందుకు వెయ్యలేదు? అంత వేగంగా ఎందుకు పోయినావు తల్లీ?"

ఎలిశబెతు గుమ్మం పట్టుకోని కిందికి జారి కూర్చుంది.

"పాప ఆకలంటోంది నాన్నా," అంది. "ఆకలంటోంది, అందుకని."